ఆదివారం ఎవరిది?

స్మారకోపన్యాసాల్లో ఒక ఆనవాయితీ ఉంది. గతించినవారి గుణగణాలు మొదట నాలుగు మాటల్లో చెప్పుకుంటాం. ఆ తరవాత ఉపన్యాసకుడు తనకు నచ్చిన విషయంలోకి వెళ్ళిపోతాడు. జ్ఞాపకం ఒక దారి, విషయం ఒక దారి. బైబిలు జ్ఞాపకాన్ని అంత తేలిగ్గా వదలదు. చేను కోసేటప్పుడు మరచిపోయిన పన కోసం వెనక్కి తిరిగి వెళ్ళవద్దనీ, అది పరదేశికీ తండ్రిలేని బిడ్డకీ విధవరాలికీ చెందుతుందనీ ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది. కారణం కూడా అక్కడే ఉంది: మీరు ఐగుప్తులో దాసులుగా బతికారు, అది గుర్తు పెట్టుకోండి. అంటే పూర్వికుల కష్టం గుర్తుందో లేదో చేలో మిగిలిన పనను చూసి చెప్పవచ్చు. ఆ కొలతను ఈ సాయంత్రం మనకే పెట్టుకుందాం. తెలుగు క్రైస్తవులకు ఆదివారాన్ని సంపాదించి ఇచ్చినవారిని తలచుకుంటూ, ఆ ఆదివారం ఇప్పుడు అమీర్‌పేట, పంజాగుట్ట వీధుల్లో ఎవరి చేతికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అన్నదే నేటి ప్రశ్న.

నా వాదన ఒక్కటే. మన కింద పనిచేసేవారికి మన ఆరాధనలోని స్వేచ్ఛలో ఎంత భాగం దక్కిందో, మన విశ్వాసం అంతే. ఇది నేను తెచ్చిపెట్టిన కొలత కాదు, పది ఆజ్ఞల్లోనే ఉంది. విశ్రాంతిదినపు ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల కనిపిస్తుంది. నిర్గమకాండము 20వ అధ్యాయం దానికి సృష్టిని కారణంగా చూపిస్తుంది: దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడవ రోజున విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం అదే ఆజ్ఞను మళ్ళీ చెబుతూ కారణాన్ని మారుస్తుంది. నీవు దాసుడివి, నిన్ను విడిపించారు, కాబట్టి నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి అంటుంది. ఆ జాబితాలో కొడుకు, కూతురు, ఎద్దు, గాడిద, ఇంట్లో ఉన్న పరదేశి అందరూ ఉన్నారు. ఈ ఆజ్ఞ ఎవరితో మాట్లాడుతోందో గమనించండి. సెలవు ఇచ్చే అధికారం ఉన్నవాడితో. పనివాడికి అది హక్కు, పనిచేయించుకునేవాడికి బాధ్యత. తాను విశ్రమించి, తన దాసి చేత పనిచేయించినవాడు ఆజ్ఞలో సగం పాటించినట్టు కూడా కాదు. ఆజ్ఞ పుట్టిన కారణాన్నే కొట్టేసినట్టు.

ప్రవక్తలు ఈ సంగతిని ఇంకా కటువుగా చెప్పారు. ఆమోసు 8వ అధ్యాయంలోని వర్తకులు విశ్రాంతిదినాన కొట్లు మూసేస్తారు, ఆ లెక్కన నియమం తప్పనివారే. కానీ ఆ రోజు ఎప్పుడు గడుస్తుందా, కొలపాత్ర చిన్నది చేసి, తూకపు రాయి బరువు పెంచి, దొంగ త్రాసుతో ఎప్పుడు అమ్ముదామా అని ఎదురుచూస్తుంటారు. యెషయా 58వ అధ్యాయంలోని జనం ఉపవాసం ఉంటారు. తమ ఉపవాసాన్ని దేవుడు పట్టించుకోవడం లేదని ఫిర్యాదు కూడా చేస్తారు. అదే రోజున మీ పనివాళ్ళను పీడిస్తున్నారు కదా అన్నది వారికి వచ్చిన జవాబు. పొరుగువాడి చేత కూలి లేకుండా పనిచేయించుకుని మేడ కట్టుకున్న రాజును యిర్మీయా 22వ అధ్యాయం నిలదీస్తుంది. ఆ రాజు తండ్రి దీనులకు న్యాయం చేశాడనీ, తనను ఎరగడమంటే అదేననీ దేవుడు అక్కడ అంటాడు. నాకు తెలిసినంతలో దేవుణ్ణి ఎరగడం అనే మాటకు ఇంత భౌతికమైన వివరణ లేఖనాల్లో మరోచోట అరుదు. ధ్యానం, దర్శనం, పరవశం వీటిలో ఏదీ అక్కడ లేదు. కూలి ఇచ్చావా లేదా అన్న ఒక్క ప్రశ్నే ఉంది.

ఇప్పుడు తెలుగు నేల మీదికి వద్దాం. ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవులలో తొలివాడిగా చరిత్రకెక్కిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన మనిషి. 1866లో బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. పేరయ్య తన వాళ్ళ మధ్య అప్పటికే మొదలుపెట్టిన పని మీదనే క్లౌ పని నిలబడింది. కొత్తగా చేరినవారికి అక్కడ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వేదాంత పాఠశాలల నుంచి చూస్తే ఇవి చాలా చిన్న నియమాలు. మాదిగపల్లె నుంచి చూస్తే ఊరి కట్టుబాటు మొత్తాన్ని కదిలించేవి. చెప్పులు, తోలు తాళ్ళు, కపిల బానలు రైతుకు సమకూర్చడం, జాతరకు డప్పు కొట్టడం, పిలిచిన క్షణాన వెట్టికి పోవడం, బదులుగా కళ్ళంలో ఇంత గింజ తెచ్చుకోవడం, ఇదీ ఆ బతుకు. ఆ బతుకులో తనదని చెప్పుకోవడానికి ఒక్క రోజు కూడా లేదు. ఊరు పిలిస్తే రానని చెప్పే అధికారం మాదిగకు ఏ లెక్కలోనూ లేదు. ఆదివారం రానని చెప్పడమంటే తన ఒంటి మీద, తన కాలం మీద తనకూ ఒక పాలు ఉందని ఊరి ఎదుట నిలబడి చెప్పడమే.

దానికి వారు చెల్లించిన వెల తక్కువది కాదు. బావి దగ్గరికి రానివ్వలేదు, కళ్ళంలో గింజ ఆపేశారు, పనిలోకి పిలవడం మానేశారు, దొంగ కేసులు బనాయించారు. క్లౌ రాతల్లో ఇలాంటివి పదేపదే కనిపిస్తాయి. ఆయన జ్ఞాపకాలను భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పుస్తకంగా కూర్చగా, ఆయన మరణించిన నాలుగేళ్ళకు, 1914లో అచ్చయింది. అందులో మిషన్ బడి సంగతి కూడా ఉంది. ఒంగోలులో పని మొదలైన తొలి రోజుల్లోనే, మాదిగలను చేర్చుకుంటే తాము రామని పైకులాల వారు తేల్చి చెప్పారు. ఊరి పెద్దల ఆదరణ, బడి పరువు, ముందు ముందు పలుకుబడి గల కుటుంబాలు సంఘంలోకి వస్తాయన్న ఆశ అన్నీ ఒక పక్క ఉన్నాయి. క్లౌ, అప్పటి ఆయన భార్య హారియెట్ ఎవరి గదిలో వారు బైబిలు తెరిస్తే, ఇద్దరి కంటా పడింది మొదటి కొరింథీయుల పత్రిక 1వ అధ్యాయంలోని ఒకే భాగమట. లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏరుకున్నాడని పౌలు చెప్పే చోటు అది. కాకతాళీయమా, దైవ నడిపింపా అన్న చర్చ జోలికి నేను పోను. చదివిన మాట చదివిన రోజునే నిర్ణయంగా మారడమూ, ఆ నిర్ణయం వల్ల బడికి నిజంగానే నష్టం కలగడమూ నాకు ముఖ్యం. వెల చెల్లించాల్సి వచ్చినా ఆ మాటకు కట్టుబడ్డారు కాబట్టే ఇప్పుడు దాన్ని సాక్ష్యంగా తీసుకోగలుగుతున్నాం.

ఆ వెనుకే 1876–78 కరవు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో సహాయపు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే ఇప్పటి లెక్కలో సుమారు 450 గ్రాములు. రోజంతా మట్టి మోసే ఒంటికి ఆ తిండి చాలదని శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. కొన్ని నెలలకు ఆ కూలి పెంచక తప్పలేదు. ఆ కాలంలోనే బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో సర్వేయరు, కాబట్టి కొలతలు ఆయనకు కొత్త కావు. పని మీద మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. పగలు తట్ట లెక్క చూసిన మనిషే సాయంత్రం వాక్యం చెప్పేవాడు. దీని అర్థం కాస్త ఆలోచించండి. మధ్యాహ్నం కొలతలో మోసం చేసినవాడి మాట రాత్రి ఎవరు వింటారు? ఆ బోధకులు చెప్పిన సువార్తకు తట్టల లెక్కే పూచీ. అలా వాక్యం విన్నవారిలో చాలామంది బాప్తిస్మం అడిగారు. కరవు సాయం నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, క్లౌ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనవాళ్ళు తరచు గర్వంగా చెప్పుకుంటారు. దాని వెనుక ఉన్న నిరాకరణను చెప్పుకునేవారు తక్కువ.

ఇక అమీర్‌పేట. మియాపూర్–ఎల్బీనగర్, నాగోలు–రాయదుర్గం మెట్రో లైన్లు కలిసే స్టేషను కింద నిలబడితే రెండు తెలుగు రాష్ట్రాల పల్లెలూ అక్కడే ఎదురవుతాయి. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డులు, కరపత్రాలు పంచే కుర్రాళ్ళు, జిరాక్సు షాపులు. ఎస్సార్ నగర్, బల్కంపేట సందుల్లో రెండు, మూడు, నాలుగు షేరింగ్ అని రాసిన హాస్టళ్ళు. ఈ హాస్టళ్ళలో ఆదివారం మధ్యాహ్నం అంటే చికెన్. పిల్లలు వారమంతా ఎదురుచూసే పూట అది. వంటింట్లోని మనిషికి వారంలో అన్నిటికంటే బరువైన పూట కూడా అదే. తెల్లవారుజామునే లేచి టిఫిను దించాలి, ఉల్లిపాయలు తరగాలి, బియ్యం కడగాలి, రెండింటికి గిన్నెలు తోమేసరికి రాత్రి వంట వేళ అవుతుంది. పిల్లలు ఆమెను ఆంటీ అంటారు. ఏ జిల్లా నుంచో వచ్చి వంటింటి పక్క గదిలోనే సర్దుకుని ఉంటుంది. యజమాని విశ్వాసి అయితే గోడ మీద యెహోవా యీరే అన్న పలక ఉంటుంది, దాని పక్కనే అడ్వాన్సు తిరిగి ఇచ్చే షరతుల కాగితం. ఆదివారం ఆయన కుటుంబం తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకు బయలుదేరుతుంది. ఆంటీ కూడా విశ్వాసే కావచ్చు, ఊళ్ళో ఉన్నప్పుడు క్వయరులో పాడిన మనిషే కావచ్చు. ఆమెకు ఆదివారం లేదు. అలాంటప్పుడు మనం చేస్తున్నది ఒంగోలు మాదిగలకు ఊరు చేసినదే. అప్పట్లో ఊరు బావి దగ్గరికి రానివ్వలేదు, ఇప్పుడు మనం గుడి దగ్గరికి రానివ్వడం లేదు. తేడా ఒక్కటే. ఊరికి ఆజ్ఞ తెలియదు, మనకు తెలుసు.

హాస్టలు గురించి అన్నానని హాస్టళ్ళ వాళ్ళ మీదికే ఈ మాట పోవలసిన పనిలేదు. పంజాగుట్ట నగల దుకాణంలో రోజంతా నిలబడే సేల్స్ అమ్మాయి, అపార్టుమెంటు వాచ్‌మన్, పండక్కి కూడా సెలవు దొరకని ఇంటి పనిమనిషి, వీళ్ళలో ఎవరో ఒకరు మనలో చాలామంది చేతి కింద ఉన్నారు. దుకాణాల్లో, సంస్థల్లో పనిచేసేవారికి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం చెబుతూనే ఉంది. ఆ కనీసం దగ్గరే విశ్వాసి ఆగిపోతే చట్టానికి భయపడ్డాడని అర్థం. అంతవరకు కూడా రాకపోతే అతని విశ్వాసం గురించి అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. డబ్బు సంగతి కూడా ఇంతే. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలంటుంది, వాడి ప్రాణం దాని మీదే ఉంటుందంటుంది. నెల దాటి పదో తారీకు వరకు జీతం ఆపడమూ, హాస్టలు ఖాళీ చేసే పిల్లవాడి అడ్వాన్సులో సున్నం, ఫ్యాను, మెయింటెనెన్సు అంటూ కోతలు పెట్టడమూ చిన్న విషయాల్లా కనిపిస్తాయి. ఆ పిల్లవాడికి ఆ రెండు వేలే వచ్చే నెల కోచింగు ఫీజు. బిగబట్టిన కూలి దానంతట అదే దేవుడి చెవిలో మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. ఇక్కడ మొరపెట్టేది మనిషి కాదు, డబ్బు. అంత పదునైన ఊహను యాకోబు ఊరికే వాడి ఉండడు.

ఆమోసు విశ్రాంతిదినాన్నీ దొంగ త్రాసునూ ఒకే వాక్యంలో పెట్టాడని ఇందాక అనుకున్నాం. అమీర్‌పేటకు తనదైన త్రాసు ఒకటుంది. లేని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్సు సర్టిఫికెట్, ఇంటర్వ్యూలో ఒకరి బదులు మరొకరు మాట్లాడే ప్రాక్సీ, కన్సల్టెన్సీ చేతిలో లక్షలు పోసే బ్యాక్‌డోర్. ఈ మాటలు అక్కడ టీ కొట్టు దగ్గర దాపరికం లేకుండానే వినిపిస్తాయి. అందరూ పెట్టుకుంటున్నారు, పెట్టుకోకపోతే రెజ్యూమె ఎవరూ తెరవరు అన్నది సమర్థన. ఆ సమర్థనను తేలిగ్గా కొట్టిపారేయలేం. పొలం తాకట్టు పెట్టి పంపిన తండ్రి ముఖం గుర్తొచ్చిన కుర్రాడి కష్టం నిజమైనదే. కానీ ఈ త్రాసులో ఎవరు తేలిపోతున్నారో చూడండి. కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పెట్టుకుని తన జాగ్రత్త తాను చూసుకుంటుంది. నష్టపోయేది పక్క బెంచీ మీద కూర్చున్న నిజమైన ఫ్రెషరు. అతడికి కూడా ఒక తండ్రీ, ఒక తాకట్టూ ఉన్నాయి. లూకా 3వ అధ్యాయంలో సుంకరులు, సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి మేమేం చేయాలని అడిగారు. వృత్తి మానేయమని ఆయన అనలేదు. నియమించినదానికి మించి వసూలు చేయవద్దనీ, ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దనీ చెప్పాడు. మారుమనస్సును ఆయన వాళ్ళ వాళ్ళ రోజువారీ పనిలోకి దింపాడు. అమీర్‌పేట పిల్లలకు మన సంఘాలు పరీక్షలకు ముందు ప్రార్థన చేసి పంపుతున్నాయి. రెజ్యూమెలో అబద్ధం రాయనని మొండికేసిన పిల్లవాడికి మరో ఆరు నెలలు ఫీజు కట్టడానికి, ఒక రెఫరెన్సు వెతికి పెట్టడానికి ఎన్ని సంఘాలు ముందుకు వస్తాయి? నిజాయితీగా ఉండమని చెప్పే సంఘం ఆ నిజాయితీ ఖర్చులో భాగం పంచుకోకపోతే, ఆ బోధ పేదవాడి మీద మరో బరువు.

పంజాగుట్టలో నిమ్స్ దగ్గరికి వెళ్తే ఇదే లెక్క మరో రూపంలో ఎదురవుతుంది. నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైన ఆ సంస్థ ముందు జిల్లాల నుంచి వచ్చిన రోగుల మనుషులు కాగితాల సంచులు పట్టుకుని తిరుగుతుంటారు. ముఖ్యమంత్రి సహాయనిధి ఎల్‌ఓసీ ఎప్పుడొస్తుంది, ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్ ఉందా, రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నవి వాళ్ళ ప్రశ్నలు. మంచి సమరయుడి ఉపమానాన్ని మనం ఎక్కువగా దారి పక్కన కట్టు కట్టిన చోట ఆపేస్తాం. లూకా 10వ అధ్యాయం మరో అడుగు ముందుకు వెళ్తుంది. గాయపడినవాడిని సత్రానికి చేర్చిన సమరయుడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని సత్రం యజమానికి మాట ఇచ్చాడు. జాలి ఆ రాత్రితో అయిపోతుంది, ఖాతా మాత్రం తెరిచి ఉంటుంది. హాస్టళ్ళున్న అమీర్‌పేటకూ ఆసుపత్రి ఉన్న పంజాగుట్టకూ మధ్య మెట్రోలో ఒక్క స్టేషను దూరం. అక్కడ మూడు షేరింగ్ గదిలో ఖాళీగా ఉన్న మంచం, ఇక్కడ ఫుట్‌పాత్ మీద ఒరిగిన తల్లి, ఈ రెంటినీ కలపడానికి దర్శనాలు అక్కర్లేదు, ఒక రిజిస్టరు చాలు. ఇక్కడ మన అహం తగ్గే సంగతి కూడా చెప్పుకోవాలి. 2014 నుంచి నగరపాలక సంస్థతో కలిసి ఐదు రూపాయలకు భోజనం పెట్టినవారు హరేకృష్ణ సంస్థవారు. సమరయుడు యేసు శ్రోతల గుడికి చెందినవాడు కాడని గుర్తున్నవారికి ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు. మంచి చేయడం మన గుత్త అని ఆ ఉపమానం ఎక్కడా చెప్పలేదు.

ఈ వాదనకు అభ్యంతరాలు ఉంటాయి. మొదటిది మన బోధకులే లేవదీస్తారు. రక్షణ విశ్వాసం వల్లనే గదా, క్రియల వల్ల కాదు గదా. పైగా విశ్రాంతిదినాల విషయంలో మీకెవరూ తీర్పు తీర్చకూడదని కొలొస్సయుల పత్రికలో పౌలే రాశాడు గదా అంటారు. రెండూ సరైన మాటలే. ఎఫెసీయుల పత్రిక 2వ అధ్యాయం కృపను చెప్పిన వెంటనే సత్క్రియల కోసమే మనల్ని సృష్టించాడని చెబుతుంది. క్రియ రక్షణకు వెల కాదు, రక్షణ పొందామనడానికి ఆనవాలు. జక్కయ్యను యేసు పేరు పెట్టి పిలిచాకే అతడు లెక్కలు తేల్చాడు. తేల్చాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న ప్రకటన వెలువడింది. ఇక రోజు సంగతి. శనివారమా, ఆదివారమా అన్న వివాదంలో పౌలు మనకు స్వేచ్ఛ ఇచ్చాడు. ఆ స్వేచ్ఛ యజమానికి మాత్రమే ఇచ్చినది కాదు. మరో రోజు సెలవు ఇస్తానంటే ఇవ్వండి. నిమ్స్ నర్సు ఆదివారం డ్యూటీ మానలేదు, మానకూడదు కూడా. విశ్రాంతిదినాన యేసు రోగులను బాగుచేశాడు. కానీ ఏ రోజూ ఇవ్వకుండా, రోజులను పాటించనవసరం లేదన్న వచనాన్ని చూపడం ఉంది చూశారూ, అది పౌలు ఊహించని వ్యాఖ్యానం.

రెండో అభ్యంతరం వ్యాపారులది. భవనం అద్దె, కరెంటు బిల్లు, గ్యాసు బండ ధర, పక్క హాస్టలుతో పోటీ. ఇందులో మరో మనిషిని పెట్టుకుంటే మిగిలేదేముంది? ఈ ప్రశ్నకు నిర్గమకాండము 16వ అధ్యాయంలో జవాబుంది. మన్నా దొరికిన అరణ్యంలో విశ్రాంతి దానంతట అదే రాలేదు. ఆరో రోజున రెండింతలు కూర్చుకోవలసి వచ్చింది. అంటే విశ్రాంతికి ముందుగానే ఏర్పాటు ఉండాలి, దాని ఖర్చు ఆరు రోజుల లెక్కలో కలిసి ఉండాలి. ఆదివారం పూటకు ఒక బదులు వంటమనిషి కూలి నెలకు నాలుగైదు రోజుల ఖర్చు. యాభై మంది ఉన్న హాస్టల్లో తలకు ఎంత పడుతుందో లెక్క వేసి చూడండి. కోచింగు పిల్లల దగ్గర దాన్ని దాచనక్కర్లేదు, మీ ఆంటీకి సెలవు కోసం ఇంత అని చెప్పి తీసుకోవచ్చు. ఆ మాటే వాళ్ళకు అమీర్‌పేటలో దొరికే పాఠాల్లో మంచి పాఠం కావచ్చు. లాభం తగ్గితే తగ్గుతుంది. ఖర్చు కాకుండా ఆజ్ఞ పాటించవచ్చని లేఖనం ఎక్కడా హామీ ఇవ్వలేదు.

మూడో అభ్యంతరం బయటి నుంచి వచ్చేది, చరిత్ర ఉన్నది. క్రైస్తవులు చేసే సేవ అంతా మతంలో కలుపుకోవడానికి వేసే ఎర అన్నది దాని సారం. 1930లలో దోర్నకల్ ప్రాంతపు సామూహిక మతమార్పిడుల మీద గాంధీజీ చేసిన విమర్శలో ఇది గట్టిగా ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా దోర్నకల్‌కు వచ్చిన వి.ఎస్. అజరయ్యకూ గాంధీజీకీ ఈ విషయంలో విభేదం ఉంది. అలాంటి ఉద్యమాల్లో చేరినవారి ఉద్దేశాలను పరిశీలించిన వాస్కం పికెట్ 1933 నాటి గ్రంథంలో తేల్చినదాని ప్రకారం, మనిషి ఏ ఉద్దేశంతో వచ్చాడన్నదానికంటే వచ్చాక అతనికి దొరికిన బోధ, ఆరాధనలే అతని జీవితాన్ని ఎక్కువ నిర్ణయించాయి. అది మంచి జవాబే. కానీ నాకు అంతకంటే క్లౌ నిరాకరణ మంచి జవాబుగా కనిపిస్తుంది. కూలి ఇచ్చేచోట బాప్తిస్మం ఇవ్వనన్నాడు. సేవకూ సంఖ్యకూ మధ్య దూరం ఉంచడమే ఎర కాదని రుజువు చేసే మార్గం. మన కింద పనిచేసే హిందూ, ముస్లిం మనిషికి కూడా తన పండగ సెలవు అతడు అడక్కుండానే మనం ఇచ్చామా అన్నది ఈ రోజుల్లో దానికి సరిసమానమైన పరీక్ష. ద్వితీయోపదేశకాండపు జాబితాలో పరదేశి ఉన్నాడు, అతడు మతం మార్చుకోవాలన్న షరతు లేదు.

చివరి అభ్యంతరం నిరాశ నుంచి పుట్టేది. ఇంత నగరం, ఇన్ని లక్షల మంది, ఒక వంటమనిషి సెలవుతో ఏం మారుతుంది, ఇది ప్రభుత్వం చూసుకోవలసింది గదా అంటారు. చట్టం అమలు చేయమని అడగవలసిందే, ఆ పని మన పౌర బాధ్యత. కానీ నెహెమ్యా 5వ అధ్యాయం చదవండి. యెరూషలేము గోడ కడుతుండగా, వడ్డీలకు పొలాలూ పిల్లలూ పోయిన జనం గోల పెట్టారు. నెహెమ్యా దాన్ని గోడ పూర్తయ్యాక చూద్దామనలేదు. ప్రముఖులను పిలిపించి, తాకట్టులు వెనక్కి ఇప్పించి, ప్రమాణం చేయించాడు. తాను, తన వాళ్ళు అప్పిచ్చినది కూడా వదిలేశాడు. మనవాళ్ళు కొత్త మందిరాలు కడుతున్నారు, మెట్లకు గ్రానైటు పరుస్తున్నారు. ముందుగా తేల్చవలసిన లెక్కలు మందిరంలోపలే ఉన్నాయి. సంఘపు కాపలాదారుకు వారానికి ఒక రోజు ఉందా? పల్లెలో బోధకుడికి జీతం నెలనెలా అందుతోందా? మన బళ్ళలో టీచరు సంతకం చేసే అంకె, ఆమె చేతికి వచ్చే అంకె ఒకటేనా? ఈ మూడింటికి జవాబు చెప్పలేని సంఘం నగరానికి బోధించడానికి లేచి నిలబడకపోవడం మంచిది.

కొరింథులో ప్రభువు భోజనానికి కూడుకున్నవారిలో కలిగినవాళ్ళు ముందే తినేసేవారు, లేనివాళ్ళు ఆకలితో మిగిలేవారు. పని నుంచి ఆలస్యంగా వచ్చే దాసులు, కూలీలే ఆ లేనివాళ్ళని పండితుల్లో చాలామంది అంటారు. ఒకరికోసం ఒకరు కనిపెట్టుకోండి అన్నది మొదటి కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయంలో పౌలు ఇచ్చిన ఆదేశపు సారం. అమీర్‌పేట, పంజాగుట్టల చుట్టుపక్కల సంఘాలకు ఆ ఆదేశం మీద ఆధారపడి నేను చేసే ప్రతిపాదన ఇది. ఆదివారం మధ్యాహ్నం వంటలు, కాపలాలు, డ్యూటీలు ముగిసేవారి కోసం రాత్రి ఒక ఆరాధన పెట్టండి. దాన్ని పని దొరకని బోధకుడికి వదిలేయకుండా సంఘ కాపరే నడపాలి, ప్రభువు బల్ల అక్కడా ఉండాలి. ఆ ఆరాధనకు వచ్చేవారి పేర్లు కాకుండా, రాలేకపోతున్నవారి యజమానులు ఎవరో సంఘ పెద్దలు తెలుసుకోవాలి. మన సభ్యులే అయితే ఇంటికి వెళ్ళి మాట్లాడాలి. వచ్చే ఏడాది సంఘ సర్వసభ్య సమావేశంలో కట్నాల లెక్క చదివేటప్పుడు, సభ్యుల దగ్గర పనిచేసేవారిలో ఎందరికి వారపు సెలవు ఉందో ఆ లెక్క కూడా చదవాలి. మొదటి ఏడు ఆ అంకె మనల్ని సిగ్గుపడేలా చేస్తుంది. పరవాలేదు, చదవండి. పేరయ్య తరం ఆదివారాన్ని ఊరితో పోరాడి తెచ్చుకుంది. మన తరం దాన్ని తన చేతి కిందివారికి పంచిపెట్టాలి, దానికి ఎవరితోనూ పోరాడనక్కర్లేదు, మన లాభంతో తప్ప.